కోమలి గొంతు

పిల్లల అవసరాన్ని బట్టి ఏ పరికరం ఎవరికి ఇవ్వాలో టీచర్లకు చెప్పే ఏఐ సలహాదారు ఇప్పుడు ప్రతి బడిలోనూ ఉంది. నత్తితో బాధపడే కోమలికి అది మెడపట్టీని సూచించింది. పిల్ల అనుకున్న మాటను పట్టీయే పసిగట్టి, ఆమె గొంతుతోనే పలుకుతుంది. వకుళ టీచర్ సంతోషంగా ఒప్పుకుంది. నత్తి ఉన్న మరికొందరు పిల్లలకూ తనే కట్టించింది.

నెల తిరక్కుండానే కోమలి తల్లి ఎల్లవ్వ బడికొచ్చింది.

"టీచరమ్మా, నిన్న నా బిడ్డ నోట్లె బుక్క పెట్టుకొని నములుతాంది. గప్పుడే 'అమ్మా, కూర మంచిగైంది' అన్నది. నాకు గుండె జల్లుమన్నది."

వకుళ వెంటనే తరగతిలోకి వెళ్లి కోమలి ముందు కూర్చుంది.

"పట్టీ తీసేద్దామా తల్లీ?"

"వద్దు టీచర్. నాకు ఇదే బాగుంది," అంది గొంతు తియ్యగా. కోమలి పెదవులు బిగుసుకునే ఉన్నాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

వకుళ పట్టీ ఊడదీసింది. కోమలి ఒక్కో అక్షరాన్నీ ఈడ్చుకుంటూ మాట్లాడుతుంటే, మధ్యలో మాట అందివ్వకుండా ఓపిగ్గా ఆగింది.

"గ... గట్లన్నది నే... నేను కాదు టీచర్."

వకుళ పిల్లను గుండెకు హత్తుకుని తల తిప్పి చూసింది. మెడపట్టీలున్న మిగతా పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు.

"మాకు బాగానే ఉంది టీచర్," అన్నారు అందరూ ఒక్కసారే.

ఏ ఒక్కరి పెదవులూ కదలలేదు.