వఫ్రా దారిలో మూగవాడు

"ముందు ఆ మీసం తీసేయమను. తోటపని చేసే మూగోనికి అంత నీటు మీసమేంది? చూస్తానే పట్టేస్తారు" అన్నాడు పుల్లయ్య.

సంజీవమ్మ ఆ మాటను అరబ్బీలో చెప్పింది. ఆమె మామా అని పిలిచే ఇంటి యజమానురాలి తమ్ముడు జాసిం లోపలికి వెళ్ళి, నున్నటి మూతితో తిరిగొచ్చాడు.

అబూ హలీఫాలోని ఆ ఇంట్లో సంజీవమ్మ పనిమనిషి. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. ఇళ్ళలో జొరబడి కువైటీ మగవాళ్ళను పట్టుకుపోతున్నారు. పోయినవాళ్ళ జాడ తెలియడం లేదు. ఆ ఉదయం మామా ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"నీ మొగుడు వఫ్రా తోటలకు బండి తోలతాడు కదా! వీణ్ణి అక్కడిదాకా చేర్చండి చాలు. సౌదీలోకి దాటించే మనిషి అక్కడున్నాడు."

జాసిం గురించి సంజీవమ్మకు పెద్దగా తెలియదు. శుక్రవారాల్లో వచ్చి, అక్కతో కూర్చుని చాయ్ తాగి పోతాడు. అంతే. కానీ తను విషజ్వరంతో పడి ఉన్నప్పుడు తలకు తడిగుడ్డ వేసింది మామాయే. కాదనలేకపోయింది.

పుల్లయ్య ఒప్పుకుంటాడని మాత్రం అనుకోలేదు. అతను మొదటినుంచీ పిరికివాడు. రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా చెమటతో చొక్కా తడిసిపోతుంది. జాసింను చూసి చాలాసేపు గోడకానుకుని నిలబడ్డాడు. ఆ తరువాత అన్న మొదటి మాట మీసం సంగతే.

జాసిం తలకు నూనె రాశారు. పుల్లయ్య మాసిన లుంగీ కట్టబెట్టారు. ఇక అతను సంజీవమ్మ తమ్ముడు మునీంద్ర, పుట్టుమూగ. అడిగితే అలా చెప్పాలని అనుకున్నారు.

పికప్ వెనక ఖాళీ టమాటా పెట్టెలు గలగలమంటున్నాయి. ముందు ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. నడుమ సంజీవమ్మ. ఆమె కొంగు చివర వేలికి చుడుతోంది, విప్పుతోంది. మళ్ళీ చుడుతోంది.

దూరంగా సైనికులు పేర్చిన ఇసుక బస్తాలు కనపడ్డాయి. వాటి ముందు బండ్ల వరస.

"ఏమయ్యా, ఎనక్కి తిప్పుకుని పోదామా?"

"తిప్పితే కాలుస్తారు. నువ్వు గమ్మునుండు."

తరువాత పుల్లయ్య తనకొచ్చిన ముక్కల అరబ్బీలో జాసింతో మాట్లాడాడు. చూపు మాత్రం ముందున్న బండి మీదే ఉంది.

"చేతులు పైకి కనపడేట్టు పెట్టాలి. ఒళ్ళో దాచుకుంటే అనుమానం. కళ్ళల్లోకి చూడొద్దు, బూట్లు చూడాలి. ఎండలో నిలబెడితే నీడకు జరగొద్దు. నవ్వొద్దు. ఎందుకు ఆపారన్న ప్రశ్న మొహంలో కూడా కనపడకూడదు."

జాసిం తలాడించాడు.

"కొడితే చెయ్యి అడ్డం పెట్టొద్దు. అడ్డం పెడితే ఎదురు తిరిగాడంటారు. పళ్ళు బిగబట్టాలి. నోరు తెరిస్తే రెండో దెబ్బ పడుతుంది."

సంజీవమ్మ మొగుడి వైపు వింతగా చూసింది. ఇన్ని సంగతులు ఈ మనిషికి ఎప్పుడు తెలిశాయి?

వాళ్ళ వంతు వచ్చింది. సైనికుడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. తుపాకీ గొట్టంతో కిటికీ మీద కొట్టాడు. "దిగండి!"

దిగారు. ఎండ నెత్తి మాడుస్తోంది. ఒకడు పెట్టెలన్నీ తిరగేస్తున్నాడు. కుర్రాడు జాసిం ముందుకొచ్చి ఆగాడు.

"ఇండియావాడివేనా? నీ పేరేంటి?"

"నా తమ్ముడు. మాటలు రావు" అంది సంజీవమ్మ అరబ్బీలో.

"నిన్నడిగానా?"

జాసిం గడ్డం కాస్త పైకి లేచింది. నిటారుగా నిలబడటం అలవాటైన ఒళ్ళు అది. పుల్లయ్య దగ్గాడు. గడ్డం దిగింది. చూపు బూట్ల మీదికి దిగింది.

కుర్రాడికి ఎందుకో నచ్చలేదు. చుట్టూ ఒకసారి తిరిగాడు. ఉన్నట్టుండి చెంప ఛెళ్ళుమనిపించాడు.

జాసిం చెయ్యి నడుము దాకా లేచింది. అక్కడే ఆగింది. మెల్లగా దిగింది. పెదాల మధ్య నుంచి ఊపిరి కూడా బయటికి రాలేదు.

"కొట్టొద్దు నాయనా! మూగ పాణం! వానికేం తెలీదు సామీ!" సంజీవమ్మ తెలుగులోనే గొల్లుమంది. ఆ క్షణాన నిజంగానే సొంత తమ్ముణ్ణి కొట్టినట్టే అనిపించింది ఆమెకు.

ఆ ఏడుపు విని కుర్రాడు విసుక్కున్నాడు. "యల్లా, పొండి!"

పుల్లయ్య తాళం తిప్పాడు. బండి కదిలింది. ఇసుక బస్తాలు వెనక్కి పోయాయి. అద్దంలో చుక్కంతయ్యాయి. కనపడకుండా పోయాయి. అయినా సంజీవమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఎవరూ వెంట రావడం లేదు.

జాసిం చెంప మీద అయిదు వేళ్ళూ తేలాయి. నీళ్ళ సీసా అందిస్తే తాగలేకపోయాడు, సగం లుంగీ మీదే ఒలికింది.

రోడ్డుకిరువైపులా పచ్చటి తోటలు మొదలయ్యాక అతను పుల్లయ్య వైపు తిరిగాడు.

"నా చెయ్యి లేచిపోయింది. నీ మాట గుర్తొచ్చి ఆగింది. లేకపోతే ఈపాటికి నేను లేను. ఇదంతా నీకెవరు నేర్పారు?"

"మీరే సార్" అన్నాడు పుల్లయ్య, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "పోయిన రంజాన్ నెలలో, ఫర్వానియా సిగ్నల్ దగ్గర నా బండి ఆపినప్పుడు, పోలీసు బట్టల్లో ఉండి."