కాపీలో మన వాటా

“ఎదురుకొట్టువాళ్లు మన కొత్త సంచిని కూడా కాపీ కొట్టారు నాన్నా,” అంది అమ్మాయి.

“ఇక కొట్టు మూసేద్దామే. కత్తిరించి కత్తిరించి అలిసిపోయేది నేను, అమ్ముకునేది వాళ్లు.”

“కాపీ అన్న మాటకు లాటిన్‌లో అసలు అర్థం సమృద్ధి, తెలుసా?” అంది, బళ్లో ఇంగ్లీషు చెప్పే మా అమ్మాయి.

“సమృద్ధి వాళ్లకు, అర్థం మనకు!”

అంతలో ఒకావిడ కాడ ఊడిన సంచితో వచ్చింది. “ఎదురుకొట్లో కొన్నానండీ. బాగుచెయ్యడం వాళ్లకు రాదట, మిమ్మల్ని అడగమన్నారు.”

సంచి తిరగేశాను. పైరూపమంతా నాదే. కాడ దగ్గర లోపల వేసే రెండో కుట్టు మాత్రం లేదు. వీధిలోకి చూశాను. ఎందరి భుజాలకో అలాంటి సంచులే.

“కూర్చోండమ్మా, కుట్టి ఇస్తాను,” అని అమ్మాయి వైపు తిరిగాను. “తలుపు మీద ‘సంచులు బాగుచేయబడును’ అని పెద్ద అక్షరాలతో రాయవే.”