పట్టని కోటు

"ఈసారి గుండీలు పట్టడం లేదు" అంది అక్క.

టైలరు షాపులో బట్టలు కత్తిరించే కట్టరు, అద్దం ముందు ఊపిరి బిగబట్టాడు. పొట్ట లోపలికి పీల్చాడు. అయినా కోటు అంచులు రెండూ కలవలేదు. మధ్యలో నాలుగు వేళ్ళ సందు. చంకలో పాపతో అక్క తమ్ముడి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, కుట్టుమిషను దగ్గరున్న టైలరు వైపు మళ్ళింది.

"ఏమయ్యా, ఇద్దరూ కలిసి పన్నెండేళ్ళుగా ఈ షాపు నడుపుతున్నారు. వాడు కత్తిరిస్తాడు, నువ్వు కుడతావు. లోకంలో అందరికీ పట్టే బట్టలు నా తమ్ముడి ఒంటికే ఎందుకు పట్టవు? సోమవారం చంకలు బిగుతు. బుధవారం చేతులు పొట్టి. సరే, బాగుచేశావు కదా అని నిన్న మిషను మీద నుంచే తీసుకెళ్ళి ఇస్త్రీ చేసి తెచ్చాను. తొడిగితే ఇదీ సంగతి! ఎల్లుండి ఆదివారం పెళ్ళిచూపులకి అమ్మాయి వాళ్ళొస్తారు. బనీను మీద కూర్చోబెట్టమంటావా వీడిని? అమ్మకి నేనేం చెప్పుకోను?"

టైలరు తలెత్తలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. అది ఇందాకే ఎక్కింది.

"టేపు అరిగిపోయిందక్కా. మొదటి అంగుళం ఊడిపోయింది. చూసిన అంకెలోంచి ఒకటి తీసేసి రాసుకోవాలి. మర్చిపోయుంటాను."

"మర్చిపోతే వదులవ్వాలి గానీ బిగుతెలా అవుతుంది?"

పాప రాగం మొదలుపెట్టింది.

"దీనికి కాకుల్ని చూపించి వస్తా. ఈలోగా తేల్చండి ఇద్దరూ" అని అక్క బయటికి నడిచింది.

టైలరు లేచి కట్టరు వెనక్కి వెళ్ళాడు. కోటు వెనక అంచు ఎత్తి, లోపలి అస్తరు వేలితో తడిమి చూశాడు. వీపు మధ్య అతుకు పక్కన ఇంకో కుట్టు కనిపించింది. మిషనుది కాదు, చేత్తో వేసింది. ఒక్కొక్కటీ బియ్యపు గింజంత పొడుగు, పైగా వంకర.

"ఎందుకు కుట్టావురా ఇది?"

"నేనా? నువ్వే అనుకున్నా."

"నేనిలా కుడతానా? నా పరువు తియ్యకు. ఈసారి ఒట్టేసుకుని మరీ సరిగ్గా కుట్టాను."

"ఒరేయ్, నేను ముట్టుకుంది చేతులే! వీపు జోలికి..."

కట్టరు నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

అద్దంలో టైలరు ముఖం అతని భుజం వెనక నుంచి పైకి లేచింది.

"చేతులు పొట్టి చేసింది నువ్వా?"

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. అంగుళమున్నర లోపలికి మడిచేశా."

"రెండు రోజులు నా కళ్ళు పోయాయేమో అని ఏడ్చాను కదరా!"

"మరి చంకలు?"

టైలరు కోటు మీద లేని దారప్పోగు ఒకటి దులిపాడు. "అవి నేనే."

"ఎందుకు?"

"నువ్వెందుకు మడిచావో అందుకే."

"నేనెందుకు మడిచానో నీకేం తెలుసు?"

"తెలీదు. చెప్పు."

కట్టరు మెడలో వేలాడుతున్న టేపు పట్టుకుని, ఊడిపోయిన అంగుళం దగ్గర వేలితో రుద్దాడు. "ఆదివారం వాళ్ళ ముందు కుర్చీలో కూర్చుంటే, సోమవారం నుంచి ఈ బల్లకి అటు నువ్వు, ఇటు నేను, మధ్యలో ఇంకెవరో. నా వల్ల కాదురా."

కోటు విప్పడానికి భుజాల మీద వేసిన టైలరు చేతులు అక్కడే ఉండిపోయాయి. వాళ్ళు కొలతలకని ఒకరినొకరు ఎన్నిసార్లు తాకారో లెక్కలేదు. ఇప్పుడు కొలవడానికి ఏమీ లేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. టైలరు చేతులు తీసేయబోయాడు. కట్టరు తీయనివ్వలేదు.

"అక్కా, నాకు కోటూ వద్దు, అమ్మాయీ వద్దు. నేను వీడితోనే ఉంటా. అమ్మకి నేనే చెప్పుకుంటా."

అక్క భుజం మీద నిద్రపోయిన పాపని సర్దుకుంది. టైలరు నోటికొచ్చింది మాట్లాడేశాడు.

"తప్పు మాదేనక్కా. చంకలు నేను పాడుచేశాను, చేతులు వీడు పాడుచేశాడు. కానీ ఈ వీపు కుట్టు మాత్రం మాది కాదు. చూడు ఎంత దరిద్రంగా ఉందో! సూది పట్టుకోవడం కూడా రాని వాళ్ళెవరో..."

"ఆపవయ్యా!" అక్క ముఖం ఎర్రబడింది. "చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కుడితే ఇంతకంటే చిన్న కుట్లు రావు."