బండి మీద కప్పేది

“ముందు పోయినదాని పేరేంటో సరిగ్గా చెప్పు,” అన్నాడు స్టేషన్ రైటర్, కాగితం మీద పెన్ను ఆనించి.

“టార్పాలిన్ సార్. పికప్ బండి వెనక తొట్టి మీద కప్పేది,” అన్నాడు డ్రైవరు. పొద్దుటి నుంచి ఆ మాట చెప్పడం అతనికిది నాలుగోసారి.

“అలా రాస్తే కుదరదయ్యా. టార్పాలిన్ అంటే ఎక్కడైనా కప్పుకుంటారు. బండిదని తెలియాలా వద్దా?”

“పోనీ పరదా అని రాయండి.”

“పోయినసారి ఇంకెవరిదో పోతే పరదా అనే రాశాను. కిటికీ పరదా పోతే కూడా కేసేనా అని మా సార్ నన్ను నిలబెట్టి కడిగేశారు.”

డ్రైవరుకి ఆ బల్లకేసి తల బాదుకోవాలనిపించింది. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఓనరు పొద్దున్నే బండి తాళం లాగేసుకున్నాడు. “నిజంగా పోయిందో, అమ్ముకుని తాగేశావో నాకేం తెలుసు? పన్నెండింటికల్లా పోలీసు కాగితం తెచ్చి చూపించు. లేకపోతే లోడు వేరేవాడు తోలతాడు,” అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ బండి తోలుతున్నాడు. ఒక్క తాడు ముక్క కూడా దారిలో పారేసుకున్నవాడు కాదు. తాళం పోయినందుకు కాదు, ఆ తాగేశావన్న మాటకే అతని కడుపు మండిపోతోంది.

“మా వైపు తాటిపత్రి అంటాం సార్,” అంది పక్క బల్ల దగ్గరున్న లేడీ కానిస్టేబుల్, అడక్కపోయినా.

“తాటాకులతో చేసిందనుకుంటారమ్మా,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్, టీ గ్లాసు కింద పెట్టి. “బరకం అని రాయండి. మా నాన్న ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. బరకం అనే అన్నాడు కానీ ఇంకో మాట అనలేదు.”

“బరకం అంటే మా సార్‌కి అర్థం కాదు,” అన్నాడు రైటర్. “మా మామయ్య పట్టా అంటాడు.”

“పట్టా పోయిందని రాస్తే, ఎన్ని ఎకరాలని అడుగుతారు!”

“మీ నాన్నగారు చెప్తే వేదం, మా మామయ్య చెప్తే కాదా?”

ముగ్గురూ దాన్ని పట్టుకుని పీకుతున్నారు. పోగొట్టుకున్నవాడు ఒకడు ఎదురుగా నిలబడి ఉన్నాడన్న సంగతే మరిచిపోయారు. డ్రైవరు ఒకసారి దగ్గాడు. ఇంకోసారి గట్టిగా దగ్గాడు. ఇక ఓపిక పట్టలేకపోయాడు.

“ఏదో ఒకటి రాయండి బాబూ! మీకు పుణ్యముంటుంది. నేను దొంగని కాదని ఒక్క కాగితం ముక్క ఇవ్వండి చాలు!”

రైటర్ నొచ్చుకున్నాడు. “అరిస్తే పనులవుతాయా? సరే, పేరు తర్వాత చూద్దాం. ఎక్కడ పోయింది?”

“ఇక్కడే సార్. నిన్న మధ్యాహ్నం మీ స్టేషన్ గోడ పక్కన బండి ఆపాను. అప్పటికి సరుకు దింపేశాను కాబట్టి, దాన్ని మడిచి తొట్టిలో పెట్టి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి లేదు.”

“తొట్టిలో అలా వదిలేసి వెళ్ళిపోవడమేనా?”

“పోలీస్ స్టేషన్ పక్కన ఎవడు ముట్టుకుంటాడులే అనుకున్నాను.”

రైటర్ తల ఊపి అది రాసుకున్నాడు. “గుర్తులేమైనా ఉన్నాయా?”

“నీలం రంగు. చుట్టూ తాడు దూర్చడానికి ఇత్తడి కళ్ళుంటాయి. ఒక మూల చిరిగితే మా ఆవిడ పాత గొడుగు గుడ్డ అతుకు వేసింది. ఎర్రది. నల్లదారంతో కుట్టింది.”

అంతలో రేకుల మీద టపటపమంటూ వాన మొదలైంది. రైటర్ కాగితాలన్నీ చటుక్కున గుండెలకి హత్తుకున్నాడు. లేడీ కానిస్టేబుల్ పరుగున వెళ్ళి బకెట్టు తెచ్చి గది మధ్యలో పెట్టింది. హెడ్ కానిస్టేబుల్ కుర్చీని గోడవారకి లాక్కున్నాడు. ముగ్గురూ పైకి చూస్తూ నిలబడ్డారు.

వాన జోరందుకుంది. బకెట్టులో మాత్రం ఒక్క చుక్క పడలేదు.

“మొత్తానికి కారడం ఆగిందండీ!” అంది లేడీ కానిస్టేబుల్.

రైటర్ మొహం వెలిగిపోయింది. కాగితాలు మళ్ళీ బల్ల మీద పరిచాడు. “మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నామయ్యా, పట్టించుకున్న నాథుడు లేడు. నిన్న సాయంత్రం మావాళ్ళే పైకెక్కి ఏదో సర్దారు. పని చేయాలన్న మనసుంటే చాలు!”

గాలి విసురుకి కిటికీ బయట ఏదో పటపట కొట్టుకుంది. డ్రైవరు తలెత్తి చూశాడు. చూరు మీద నుంచి నీలం రంగు మూల ఒకటి వేలాడుతోంది. దాని ఇత్తడి కంటిలోంచి తాడు దూర్చి కిటికీ ఊచకి గట్టిగా ముడి వేశారు. ఆ మూల మీద ఎర్రటి గొడుగు గుడ్డ, దాని చుట్టూ వంకరటింకర నల్లదారం కుట్లు. అతనికి కోపమూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు రైటర్ హుషారుగా. “ఆఖరిమాట నీదే. ఏమని రాయమంటావు?”

డ్రైవరు కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

“పైకప్పు అని రాయండి సార్. ఈ స్టేషన్‌ది.”