తాడు ఇవతల

"జుట్టు తడిగా ఉందేం?" అన్నాడు భర్త, గుడారంలోంచి తల బయటికి పెట్టి.

"మొహం కడుక్కున్నా," అంది భార్య, స్టవ్ మీద టీ గిన్నె పెడుతూ.

మొహం కడుక్కుంటే జడ చివర నుంచి నీళ్ళు కారతాయా? పైకి అడగలేదు. అతను కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి. ఎదుటివాళ్ళ చూపులో లోపం పట్టుకోవడమే పని. పదకొండేళ్ళుగా పక్కనున్న ఆవిడ చూపులో తేడా మాత్రం ఈ మూడు రోజుల్లోనే కనిపిస్తోంది.

వేసవి సెలవులు. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. ఎన్నాళ్ళ నుంచో అడుగుతోందని దుకాణానికి వారం రోజులు తాళం వేసి, కారు డిక్కీలో గుడారం, దుప్పట్లు కుక్కుకుని బయలుదేరారు. నచ్చిన చోట ఆగడం, ఈత కొట్టడం, నిద్రపోవడం. అదీ ఒప్పందం. తీరా చూస్తే మొదట ఆగిన సరస్సు దగ్గరే ఆవిడ అతుక్కుపోయింది.

"ఇవాళైనా కదులుదామా? ముందు ఇంకా రెండు సరస్సులున్నాయన్నావు."

"ఇంకొక్క రెండు రోజులండీ. ఇక్కడ నీళ్ళు బాగున్నాయి."

నీళ్ళు బాగున్నాయో, ఒడ్డున ఎత్తు కుర్చీలో కూర్చున్నవాడు బాగున్నాడో!

వాడు లైఫ్‌గార్డు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని బనీను, దాన్ని చించుకొస్తున్న కండలు, మెడలో ఈల. భర్త మనసులో వాడికి ఈలగాడని పేరు పెట్టుకున్నాడు. వాడి నల్ల కళ్ళద్దాలు చవకరకమని దూరం నుంచే కనిపెట్టి, కళ్ళు పోతాయి వెధవకి అని కాస్త సంతోషించాడు కూడా.

లోతు మొదలయ్యేచోట నీళ్ళలో ఎర్ర బుడగలు కట్టిన తాడు ఉంది. ఎవరు దాని వైపు నాలుగడుగులు వేసినా ఈల మోగుతుంది. నిన్న నడుంలోతులో ఉన్న భర్తని అందరి ముందూ కేకేశాడు.

"సార్! మిమ్మల్నే! వెనక్కి రండి!"

ఒడ్డున పిల్లలు కిసుక్కుమన్నారు. భార్య కూడా నవ్వింది. నవ్వుతూ ఈలగాడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు.

అసలు మొదటిరోజే మొదలైంది. ఒక పాప బంతి తాడు దాటి కొట్టుకుపోయింది. పాప ఒకటే ఏడుపు. ఈలగాడు కుర్చీ దిగేలోపే భార్య దూసుకెళ్ళి తెచ్చేసింది. కాలువ ఒడ్డున పెరిగిన మనిషి మరి. వాడు దగ్గరికొచ్చి ఏదో గొణిగాడు. ఆవిడ నోరు తెరుచుకుని వాడినే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ గుసగుసలు.

"ఏమంటాడు?"

"ఏముంది, థాంక్స్ చెప్పాడు."

థాంక్స్ చెప్పడానికి ఇరవై నిమిషాలా?

మూడో రోజంతా భర్త పొట్ట లోపలికి లాక్కునే తిరిగాడు. సాయంత్రానికి ఇక ఆగలేకపోయాడు.

"అంత బాగున్నాడా?"

"ఎవరు?"

"వాడే. మన ఈలగాడు."

ఆవిడ పకపకా నవ్వింది. "మీకు కుళ్ళా ఏంటి?"

"నాకెందుకూ కుళ్ళు! వాడికి కండలున్నాయి, నాకు దుకాణముంది."

"పాపం, మంచివాడండీ. ఊరికే ఆడిపోసుకోకండి."

ఆ 'పాపం' పంటికింద రాయిలా తగిలింది.

మర్నాడు తెలతెలవారుతుండగా పక్కన తడిమితే చేతికి దుప్పటే తగిలింది. చెప్పులైనా వేసుకోకుండా బయటికొచ్చాడు. ఎత్తు కుర్చీ ఖాళీగా ఉంది. ఒడ్డు మలుపులో, రెల్లు అవతల, నీళ్ళ చప్పుడు. భార్య గొంతు.

"భయపడకు. నేను పట్టుకున్నాగా."

"ఎవరైనా చూస్తే నా పని అయిపోయినట్టే టీచర్ గారూ."

"ఇంత పొద్దున్నే ఎవరు చూస్తారు?"

"మీ ఆయన?"

"ఎండ మొహమ్మీద పడితే గాని లేవరాయన."

"ఆయనకి చెప్పనని మాటిచ్చారు..."

"ఇచ్చానుగా. ఇంకా రెండు రోజులున్నాయి. మనసులో బెంగ పెట్టుకోకు."

భర్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెల్లు తోసుకుంటూ మోకాళ్ళలోతుకి దిగిపోయాడు. ఎదురుగా ఈలగాడు. వాడి వీపు మీద తన భార్య చెయ్యి.

"మీరా!" అంది ఆవిడ.

"నేనే. ఎండ రాకముందే లేచాను, తప్పయిపోయింది." "గుడారం విప్పేస్తున్నా. నాతో వస్తావో, ఇక్కడే ఉండిపోతావో ఇప్పుడే తేల్చు."

"అయ్యో, అది కాదండీ..."

"మరేంటో చెప్పు!"

ఆవిడ పెదవి కొరుక్కుంది. "నేను చెప్పలేను. మాటిచ్చాను."

"మొగుడికంటే వాడికిచ్చిన మాట ఎక్కువైందన్నమాట." అతను ఈలగాడి వైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు. "నువ్వు చూస్తున్నావన్న ధైర్యంతోనే కదరా రోజూ నీళ్ళలో దిగాను! నన్ను కాపాడతావనుకుంటే నా కాపురం కూలుస్తావా?"

ఈలగాడు ఆవిడ వైపు చూశాడు. వాడు ఒడ్డు పొడుగునా ఒకసారి కలయజూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, రెండు చేతులూ జోడించాడు.

"సార్, నాకు ఈత రాదండీ."