నోరు తెరిచిన బొమ్మ

ఆమె మిల్లులోకి అడుగుపెట్టగానే హమాలీలు నోళ్ళు బార్లా తెరిచి వెక్కిరించారు. వారం రోజులుగా ఇదే ఆట. ఊడ్చేటప్పుడు దుమ్ముకని మూతికి కట్టుకునే గుడ్డను ఆమె ఇప్పుడు ఉత్తప్పుడు కూడా విప్పడం లేదు.

చీపురు అక్కడే పారేసి లారీ దగ్గరికి నడిచింది. డ్రైవరు ఆమెకు సొంత మరిది. గుడ్లు మిటకరించి, మెడ నరాలు తేలి, నోరు తెరిచి ఉన్న ఆమె ఫొటో కింద ‘కూర బాగోలేదంటే మా వదిన’ అని రాసి ఫోన్లలోకి వదిలింది అతనే. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా దాన్ని ఒకరికొకరు పంపుకుంటున్నారు.

“తీసెయ్.”

“ఇంక నా చేతుల్లో లేదొదినా. నవ్వుకోడానికేగా. సినిమావాళ్ళకి కూడా రాదీ పేరు.”

“నువ్వు తీసింది వీడియో. అందులోంచి నా నోరొక్కటే కోసిపెట్టావు. మిగతాది ఉందా, చెరిపేశావా?”

అతని నవ్వు ఆగిపోయింది. “ఉంది.”

“పెట్టు. వీళ్ళందరికీ వినపడాలి.”

“ఇప్పుడెందుకొదినా...”

ఆమె అతని జేబులోంచి ఫోను లాగి అతని చేతిలోనే పెట్టింది. హమాలీలు చుట్టూ మూగారు.

వీడియోలో ఆమె ఊడ్చడం ఆపి, మూతిగుడ్డ కిందికి లాక్కుని తలెత్తింది. చూపు అతన్ని దాటి వెనక్కి పోయింది. నోరు తెరుచుకుంది.

“ఒరేయ్, తప్పుకోరా! బస్తాలు!”

బొమ్మ ఒక్కసారిగా పక్కకి ఊగింది. అంతవరకూ అతను నిలబడ్డ చోట బస్తాల వరుస మొత్తం కూలింది.

ఆమె మూతిగుడ్డ విప్పింది.

“ఇందులో కూర ఎక్కడుందిరా?”