సూర్యుని దాపరికం

కాగజ్‌నగర్ స్టేషన్‌లో రైలొచ్చి ఆగినా ప్రణతి బెంచీ మీంచి లేవలేదు.

"నేను పోను. రేపు సదస్సుల ఏం చెప్పాలె? నా లెక్క తప్పింది."

భర్త ఉజ్వల్ బ్యాగు ఎత్తుకున్నాడు. "ఏం తప్పిందో జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"సూర్యుని మీది అణువుల నుంచి వచ్చే వెలుగు ఒక్క దిక్కుకే ఎక్కువ ఊగుతది. ఎంత ఊగాల్నో లెక్క కట్టిన. టెలిస్కోపుల చూస్తే ఆ ఊపు తక్కువుంది."

"ఎందుకు తగ్గుతది?"

"అయస్కాంత క్షేత్రముంటే తగ్గుతది. ఆడ అది కనబడలే. లేదనుకొనే లెక్క..."

ప్రణతి బెంచీ మీంచి దిగ్గున లేచింది.

"చిన్న చిన్న క్షేత్రాలు ఎదురెదురు దిక్కులల్ల ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. కనబడయి. ఊపు మాత్రం తగ్గిస్తయి," అంది మెల్లగా.

"ఇంతకూ తప్పిందా, లేదా?"

ఆమె అప్పటికే రైలెక్కేసింది.

"లెక్క తప్పలే. గా తగ్గుడే దాగున్న క్షేత్రాల జాడ, నేను దేవులాడేది గదే. జల్ది బ్యాగియ్యి."